చెక్ ఇంజన్ లైట్ వెలిగి బండి మిస్సవుతోందా? పార్టు కొనే ముందు ఇవి చూసుకోండి

విశాఖలోని హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. ఏసీ నడుస్తోంది. స్టీరింగ్ మీదున్న చేతికి ముందు చిన్న వణుకు తెలిసింది. అది సీటు దాకా పాకేసరికి డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. మాది 2013 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. మర్నాడు గ్యారేజీలో స్కానర్ పెడితే బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న రెండు తప్పుల కోడ్‌లు వచ్చాయి: పీ0302, పీ0171. "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నారు. మార్పించాం. మూడో రోజు అదే సిగ్నల్ దగ్గర మళ్లీ అదే వణుకు. అసలు జబ్బు రెండో సిలిండర్ కాయిల్ కప్లర్‌లో ఉంది, అంటే ప్లగ్గుకి స్పార్క్ ఇచ్చే కాయిల్‌కి వైర్లు తగిలించే ప్లాస్టిక్ సాకెట్‌లో. పిన్ను చుట్టూ పచ్చటి చిలుము పట్టింది. పాత టూత్‌బ్రష్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే పట్టుకుంటే పది నిమిషాల పని.

కోడ్‌లు అబద్ధం చెప్పలేదు. చదవడంలోనే తప్పు జరిగింది. పీ0302 అంటే రెండో సిలిండర్ సరిగ్గా మండడం లేదని. మండని సిలిండర్‌లోని గాలి అలాగే ఎగ్జాస్ట్ పైపులోకి పోతుంది. ఆక్సిజన్ సెన్సార్‌కి కనిపించేది ఆ గాలిలోని ఆక్సిజన్ ఒక్కటే, పక్కనే మండని పెట్రోలు ఉన్నా దానికి తెలియదు. అందుకే "గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదు" అని కంప్యూటర్‌కి చెప్పింది. పీ0171 అదే. తన పని చక్కగా చేస్తున్న సెన్సార్‌ని పీకించి పారేశామన్నమాట. ఫిర్యాదు ఎటువైపు నుంచి వచ్చిందో కోడ్ చెబుతుంది, అంతవరకే. ఏ పార్టు మార్చాలో తేల్చుకోవడానికి మనమే పరీక్షించుకోవాలి. ఇది తెలియక జనం వేలకు వేలు వదిలించుకోవడం చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా పెట్రోల్ బండ్ల గురించి.

ముందు లైట్ ఎలా వెలుగుతోందో చూడండి

లైట్ నిలకడగా వెలుగుతూ బండి మామూలుగానే నడుస్తుంటే టెన్షన్ పడక్కర్లేదు. ఇంటికి వెళ్లి తీరిగ్గా చూసుకోవచ్చు. కానీ లైట్ టపటపా కొట్టుకుంటుంటే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం, అదే మిస్సింగ్) ఆ క్షణంలోనే గట్టిగా జరుగుతోందని అర్థం. మండని పెట్రోలు పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, ఆ వేడికి లోపలి తేనెపట్టులాంటి భాగం కరిగిపోతుంది. అది మార్చాలంటే మామూలు ఖర్చు కాదు. కాబట్టి యాక్సిలరేటర్ మీద కాలు తీసి, మెల్లగా పక్కకి ఆపండి. అలా లైట్ కొట్టుకుంటుండగా సింహాచలం కొండో కైలాసగిరో ఎక్కించే పని అసలు పెట్టుకోవద్దు. ఆయిల్ లైట్ వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకెళ్లినా అది వేరే సంగతి. వెంటనే ఇంజన్ ఆపేయాలి.

స్కానర్ తీసే ముందు ఒక కాగితం మీద మూడు నాలుగు ముక్కలు రాసుకోండి. మిస్సింగ్ పొద్దున్న చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఆగి ఉన్నప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా? వాన పడ్డ మర్నాడా? పెట్రోలు కొట్టించిన వెంటనే మొదలైందా? గ్యాస్ కిట్ ఉంటే పెట్రోలు మీద, గ్యాస్ మీద విడివిడిగా నడిపి చూడండి. గ్యాస్ మీద మాత్రమే మిస్సయితే ప్లగ్గు, కాయిల్ బలహీనపడ్డాయేమో చూడాలి, ఎందుకంటే గ్యాస్‌ని మండించడానికి స్పార్క్ ఇంకాస్త గట్టిగా కావాలి. అవి బాగుంటే గ్యాస్ ఇంజెక్టర్ల (ఇంజన్‌లోకి గ్యాస్ చిమ్మేవి) సంగతి చూడాలి. ఈ నాలుగు ముక్కలూ సగం దారి చూపిస్తాయి.

కోడ్ చదవండి, చెరపకండి

స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కాలుష్య ప్రమాణం కింద వచ్చే బండ్లకి ఓబీడీ-2 (బండి తన తప్పుల్ని తానే పట్టి ఒకే తరహా కోడ్‌లుగా చెప్పే పద్ధతి) తప్పనిసరి అయింది. ఆ తర్వాతి వాటిలో వెయ్యి రూపాయల లోపు దొరికే ఈఎల్‌ఎం327 బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే చాలావరకు సరిపోతుంది. అంతకన్నా పాత బండ్లలో సాకెట్ అలాగే ఉన్నా లోపలి భాష వేరుగా ఉండొచ్చు. అప్పుడు ఆ కంపెనీ స్కానర్ ఉన్న గ్యారేజీకి వెళ్లాల్సిందే. ఇంకా పాత వాటిలో కొన్నింటికి డయాగ్నోస్టిక్ కప్లర్‌లో రెండు టెర్మినళ్లు కలిపితే లైట్ ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి కోడ్ తెలుసుకోవచ్చు. అయితే ఏ రెండు అన్నది ఆ బండి మాన్యువల్‌లో చూడకుండా వైరు ముక్క ముట్టించవద్దు. తప్పు టెర్మినల్ కలిస్తే కంప్యూటరే పోవచ్చు.

ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కోడ్‌లన్నీ రాసుకోండి. పెండింగ్ కోడ్‌లు (తప్పు కనిపించినా ఇంకా లైట్ వెలిగించేదాకా రానివి) కూడా. తర్వాత "ఫ్రీజ్ ఫ్రేమ్" తెరవండి. తప్పు నమోదైన క్షణంలో స్పీడు, ఆర్‌పీఎం, ఇంజన్ వేడి, లోడ్ ఎంతెంతో అందులో ఉంటాయి. మా బండిలో స్పీడు సున్నా, ఇంజన్ పూర్తి వేడి. సిగ్నల్ దగ్గర జరిగిందే అది.

చాలామంది ఇక్కడే తొందరపడి "క్లియర్" నొక్కేస్తారు, లేదా బ్యాటరీ టెర్మినల్ పీకేస్తారు. రెండూ చేయొద్దు. ఈ సాక్ష్యం ఒకసారి పోతే బండి మళ్లీ మొరాయించేదాకా ఎదురుచూడాల్సిందే.

తరచూ వచ్చేవి ఇవి. పీ0300 అంటే ఏ సిలిండరో తేలని మిస్‌ఫైర్. పీ0301 నుంచి పీ0304 దాకా చివరి అంకె సిలిండర్ నంబరు. పీ0351 మొదలు పీ0354 దాకా కాయిల్ సర్క్యూట్. పీ0335 క్రాంక్ సెన్సార్, పీ0340 క్యామ్ సెన్సార్ (ఇంజన్ లోపలి షాఫ్టులు ఎక్కడ తిరుగుతున్నాయో చెప్పేవి). పీ0107, పీ0108 మ్యాప్ సెన్సార్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచేది). పీ0117, పీ0118 కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సార్. పీ0122, పీ0123 థ్రాటిల్ పొజిషన్ (పెడల్ నొక్కితే తెరుచుకునే గాలి తలుపు ఎంత తెరుచుకుందో చెప్పేది). పీ0420 క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదనే ఫిర్యాదు. ఇది మిస్‌ఫైర్ కోడ్‌తో కలిసి వస్తే ముందు మిస్‌ఫైర్ బాగుచేయండి, కన్వర్టర్ జోలికి తర్వాత వెళ్లొచ్చు.

బ్యాటరీ, ఎర్త్

ఇది రెండు నిమిషాల పని, కానీ దాటేయకూడదు. రాత్రంతా ఆగిన బండిలో మల్టీమీటర్ 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తుంటే ఇంచుమించు 13.8 నుంచి 14.5. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ నీరసించిందన్నమాట. ఆ స్థితిలో కంప్యూటర్ సంబంధం లేని కోడ్‌లన్నీ విసురుతుంది. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కి వెళ్లే ఎర్త్ వైర్ల బోల్టులు కూడా చూడండి. తుప్పు పట్టి ఉంటే విప్పి, ఎమరీ కాగితంతో (గరుకు కాగితం) రుద్ది, గట్టిగా బిగించండి.

విశాఖలో అన్నిటికన్నా ముందు కప్లర్లు

ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, ఎండాడ, రుషికొండ, సముద్రం గాలి తగిలే చోటు ఏదైనా సరే, కిటికీ గ్రిల్లుకి రెండేళ్లలో ఏ గతి పడుతుందో మీకు తెలిసిందే. బోనెట్ కింద సన్నటి రాగి, ఇత్తడి పిన్నులకి కూడా అదే గతి. ఉప్పు తేమ రబ్బరు సీలు పక్కనుంచి లోపలికి చేరుతుంది. చిలుము పట్టిన పిన్ను దగ్గర కరెంటు సరిగ్గా పారదు, ఇంజన్ వణికినప్పుడల్లా తెగి కలుస్తుంటుంది. కంప్యూటర్ దృష్టిలో అది సెన్సార్ చెడిపోవడమే. పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన నాతో అన్నమాట ఇది: "ముందు కప్లర్ ఇప్పి సూడు బాబూ. కంప్యూటర్ ఎక్కడికీ పారిపోదు."

ఎలా చూడాలంటే, ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి, కోడ్‌లో చెప్పిన కప్లర్ దగ్గరికి వెళ్లండి. పాత ప్లాస్టిక్ లాక్ పెళుసుగా ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తన్నితే విరిగి ఊరుకుంటుంది. బొటనవేలితో లాక్ నొక్కి, వైరు పట్టకుండా కప్లర్ ఒళ్లు పట్టుకుని లాగండి. ఫోన్ టార్చి వేసి లోపల చూడండి. మంచి పిన్ను మెరుస్తుంది. చెడ్డ పిన్ను మొదట్లో మసకబారుతుంది, తర్వాత మొదలు దగ్గర తెల్లటి పొడి, ఆపైన మయిలుతుత్తం రంగు చిలుము. మాది ఆ చివరి దశ. రెండు పిన్నుల్లో ఒకటి మాత్రమే పచ్చబడింది, రబ్బరు సీలు ఒక పక్క చిరిగింది. ఆ చిరిగిన వైపు పిన్నే పాడయింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, ఆరనిచ్చి, సీలు చుట్టూ డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వనిది) సన్నగా రాసి మళ్లీ బిగించండి. మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. పిన్ను సగం తినేసి ఉంటే మాత్రం శుభ్రం చేసి లాభం లేదు, వైరు ముక్కతో సహా కప్లర్ మార్చాలి. గాజువాక ఆటోనగర్ వైపు అడిగి చూడండి.

పనిలో పనిగా వైర్ల మీద ఎలుక పళ్ల గాట్లు ఉన్నాయేమో చూడండి. రోజూ తీయకుండా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంచే బండ్లకి ఈ బెడద ఎక్కువ. మరో మాట: మీది సెకండ్ హ్యాండ్ కొన్న పాత విశాఖ బండి అయితే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎక్కడుందో వీలైతే కనుక్కోండి. కార్పెట్ ఎత్తి చూస్తే నీళ్లు నిలిచిన గీత, కింద ఇసుక దొరికాయంటే నేల మీదుగా వెళ్లే వైరింగ్‌ని అనుమానించాలి.

మిస్‌ఫైర్‌ని ఒక సిలిండర్‌కి కుదించడం

పీ0302 వచ్చి, కప్లర్ శుభ్రంగానే ఉందనుకుందాం. ఇంజన్ చల్లారాక రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానిలో, మూడో దాన్ని రెండోదానిలో పెట్టండి. కోడ్ చెరిపి (రాసుకున్నారు కదా, ఇప్పుడు చెరపొచ్చు) ఓ పది పదిహేను కిలోమీటర్లు తిప్పండి. కోడ్ పీ0303గా మారితే తప్పు కాయిల్‌ది, కొనండి. పీ0302గానే ఉండిపోతే కాయిల్ మంచిదే. తర్వాత ప్లగ్గులు ఇలాగే మార్చి చూడండి. అప్పుడూ కోడ్ కదలకపోతే ఇంజెక్టర్ వంతు. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. మూడూ కలిపి మార్చేస్తే బండి బాగుపడినా దేనివల్లో తెలియదు.

కొన్ని పాత బండ్లలో సిలిండర్‌కో కాయిల్ ఉండదు. ఒక కాయిల్ 1, 4 సిలిండర్లకి, మరొకటి 2, 3కి స్పార్క్ ఇస్తుంది. వాటిలో పీ0301, పీ0304 జతగా వస్తే కాయిల్‌నే ముందు పట్టుకోవాలి. ఒక్క సిలిండరే వస్తే హై టెన్షన్ వైరు గానీ ప్లగ్గు గానీ. చీకట్లో బోనెట్ ఎత్తి ఇంజన్ నడిపితే పగిలిన వైరు చుట్టూ నీలి మెరుపులు కనిపిస్తాయి. చూడండి గానీ ముట్టుకోవద్దు. నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్గు వైరు పీకి పరీక్షించే పాత అలవాటు మానేయాలి. అక్కడ ఉండేది వేల వోల్టులు, మనిషికీ ప్రమాదం, కాయిల్‌కీ, కంప్యూటర్‌కీ ప్రమాదం.

ప్లగ్గు తీశాక దాన్ని చదవండి. లేత గోధుమ రంగుంటే ఆ సిలిండర్ బాగా మండుతోంది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఆయిల్ జిడ్డుంటే రింగులో వాల్వ్ సీళ్లో. తడిసి పెట్రోలు వాసన వేస్తుంటే స్పార్క్ రావడం లేదు. పింగాణీ మీద నిలువునా సన్నటి నల్ల గీత ఉంటే స్పార్క్ పక్కదారి పడుతోంది, ఆ ప్లగ్గుని పారేయండి. గ్యాప్ సాధారణంగా 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య, మీ బండికి సరిగ్గా ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. వానాకాలంలో ప్లగ్గు గుంతలో నీళ్లు నిలిచాయేమో కూడా చూడండి. వైపర్ల కింది నుంచి కారి అక్కడికి చేరతాయి, మర్నాడు పొద్దున్నే మిస్సింగ్ మొదలవుతుంది. గుంతలో ఆయిల్ ఉంటే ట్యాపెట్ కవర్ సీలు పోయింది. ప్లగ్గు బిగించేటప్పుడు ముందు చేత్తో మరలు పట్టించి, ఆ తర్వాతే పానా వేయాలి. హెడ్ అల్యూమినియం కాబట్టి మర తప్పితే పెద్ద పని పడుతుంది.

ఇంజెక్టర్‌కి ఒక సులువైన పరీక్ష ఉంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవికి ఆనించండి. నాలుగూ టిక్కు టిక్కుమని ఒకేలా కొట్టుకోవాలి. ఒకటి నోరు మెదపకపోతే దాని కప్లర్, ఆ తర్వాత ఇంజెక్టర్. చెయ్యి, చొక్కా, చున్నీ ఏదీ ఫ్యాన్ దగ్గరికి పోనివ్వకండి.

సెన్సార్ నిజం చెబుతోందా?

నాకు బాగా ఇష్టమైన పరీక్ష పొద్దున్నే, స్టార్ట్ చేయక ముందు చేసేది. ఖర్చేమీ లేదు. ఇగ్నిషన్ ఆన్ చేసి స్కానర్ యాప్‌లోని లైవ్ డేటాలో (సెన్సార్లు అప్పటికప్పుడు చూపే అంకెలు) కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి చూడండి. రాత్రంతా ఆగిన బండిలో రెండూ దాదాపు ఒకేలా, బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి, మన ఊళ్లో అయితే చలికాలం తప్ప 25-30 డిగ్రీలు. కూలెంట్ మైనస్ 40 అని చూపిస్తే? విశాఖలో మైనస్ 40 ఏ కాలంలో వస్తుంది! వైరు తెగినా, కప్లర్ ఊడినా కనిపించే అంకె అది, పీ0118 కోడ్ అప్పుడే వస్తుంది. ఇంజన్ గడ్డకట్టిపోయిందనుకుని కంప్యూటర్ పెట్రోలు కుమ్మరిస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, చివరికి మిస్‌ఫైర్ కోడ్ వస్తుంది. సెన్సార్‌ని విడిగా కొలవాలంటే మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టండి. చాలా బండ్లలో చల్లగా ఉన్నప్పుడు 2 నుంచి 3 కిలో ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్స్ దరిదాపుల్లో ఉంటుంది.

మ్యాప్ సెన్సార్‌కి సముద్రమే కొలబద్ద. మనం సముద్ర మట్టానికి దగ్గర్లో ఉన్నాం కాబట్టి ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే అది 100 కిలోపాస్కల్స్ దగ్గర చూపాలి. అరకులో అయితే 90 చుట్టూ ఉంటుంది. ఆర్కే బీచ్‌లో నిలబెట్టిన బండి 85 అంటోందంటే దాని మాట నమ్మకూడదు. వేడెక్కాక ఐడిల్‌లో (పెడల్ నొక్కకుండా ఇంజన్ ఊరికే నడుస్తుంటే) 30 నుంచి 40 మధ్యకి దిగాలి.

థ్రాటిల్ సెన్సార్‌కి పెడల్ మెల్లగా నొక్కుతూ అంకె చూడండి. మెట్టు దూకకుండా నున్నగా పెరగాలి. వేడెక్కిన ఇంజన్‌లో మామూలు రకం ముందు ఆక్సిజన్ సెన్సార్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. ఒకేచోట నిలబడిపోతే కాస్త రేస్ చేసి చూడండి, అప్పటికీ కదలకపోతే అనుమానం సరైనదే. క్రాంక్ సెన్సార్ పాడైతే తీరు వేరు: వేడెక్కాక బండి నడుస్తూ నడుస్తూ టప్పున ఆగిపోతుంది, అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. అలా చేస్తే రాత్రిపూట హైవే మీదకి తీసుకెళ్లకండి.

ఇవన్నీ చూసేటప్పుడు లైవ్ డేటా తెరిచి ఉంచి, ఇంకొకరి చేత ఆయా వైర్లను మెల్లగా కదిలించండి. వైరు కదిలినప్పుడల్లా అంకె ఎగిరిపడితే సెన్సార్ మంచిదే, తప్పు వైరులోనో కప్లర్‌లోనో ఉంది.

పీ0171 ఒక్కటే వస్తే

మిస్‌ఫైర్ కోడ్ తోడు లేకుండా ఇది వస్తే లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడాలి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కలిపిన మొత్తం ప్లస్ 10, మైనస్ 10 మధ్య ఉంటే బెంగ లేదు. ప్లస్ 20 అంటే మామూలుకన్నా 20 శాతం ఎక్కువ పెట్రోలు పోస్తేగానీ సరిపోవడం లేదని. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎంకి రేస్ చేస్తే తగ్గితే ఎక్కడో వ్యాక్యూమ్ పైపు పగిలి దొంగ గాలి దూరుతోంది. ఐడిల్‌లో బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే పెట్రోలు అందడం లేదు, ఫిల్టరో పంపో చూడాలి. మ్యాప్ సెన్సార్ ఉన్న బండిలో గాలి లీకైనా ట్రిమ్ అంతగా పెరగకపోవచ్చు. దాని బదులు ఐడిల్ ఆర్‌పీఎం పైకెళ్తుంది, మ్యాప్ 50 దాకా చూపిస్తుంది. లీకు వెతకడానికి వేడి ఇంజన్ మీద పెట్రోలు, క్లీనర్ చల్లకండి, నిప్పంటుకుంటుంది. జానెడు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర పైపుల వెంబడి తిప్పండి. బుస్సుమన్న చోట లీకు. ఆక్సిజన్ సెన్సార్‌కి ముందు ఎగ్జాస్ట్ పైపు తుప్పు పట్టి చిల్లు పడినా ఇదే కోడ్ వస్తుంది, ఉప్పుగాలి ఊళ్లో అది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకా తేలకపోతే

కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్, వైరింగ్ అన్నీ బాగుండి అదే సిలిండర్ మిస్సవుతుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూపించాలి. ఇది మెకానిక్ పని. నాలుగింటిలో ఒకటి మిగతావాటికన్నా 15 శాతం మించి తక్కువుంటే ఆ సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువుంటే హెడ్ గ్యాస్కెట్. గ్యారేజీకి వెళ్లేటప్పుడు మీ కాగితం తీసుకెళ్లండి: ఏ కోడ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఏముంది, ఏది ఎక్కడికి మార్చారు, మార్చాక ఏమైంది. ఏదైనా పార్టు మార్చాలంటే "ఏ పరీక్షలో తేలిందండీ?" అని మర్యాదగా అడగండి, తీసిన పాత పార్టు మీకు ఇవ్వమనండి. మంచి మెకానిక్ ఈ ప్రశ్నకి నొచ్చుకోడు, చూపించి మరీ చెబుతాడు.

బాగుచేశాక కోడ్ చెరిపి, చల్లటి ఇంజన్‌తో పొద్దున్నే బయల్దేరి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లి రండి. కాసేపు ఒకే వేగంతో, కాసేపు ఆగుతూ, దారిలో ఒకటి రెండుసార్లు ఏసీ వేసి ఐడిల్‌లో నిలబెట్టండి. తిరిగొచ్చాక పెండింగ్ కోడ్‌లు చూడండి. లైట్ వెలగకపోయినా తప్పు మిగిలి ఉంటే చాలావరకు ముందు అక్కడే బయటపడుతుంది. ఖాళీగా ఉంటే వారం తర్వాత మరోసారి చూడండి. మా బండిని అలా వారం, మళ్లీ నెల తర్వాత చూశాను, ఏమీ రాలేదు. ఇప్పుడు వానలు మొదలయ్యే ముందు, మళ్లీ వానలు తగ్గాక, నాలుగు కాయిల్ కప్లర్లూ విప్పి టార్చి వేసి చూసుకుంటున్నాను.